నాలుగో మండలం

పెరట్లో నవీన ఇత్తడి దీపపు కుందిని చింతపండుతో తోముతోంది. రోజూ సాయంత్రం చేసే పనే. ఇవాళ కొంచెం గట్టిగా తోముతోంది.

లోపల హాల్లో ఆమె గురించే మాట్లాడుకుంటున్నారు. ఆమెకు వినపడాలనే మాట్లాడుకుంటున్నారు.

"కాలేజీలో ఉన్నప్పుడే గర్భం రాకుండా ఉండే మాత్రలు మింగిందంటమ్మా," అంటున్నాడు రఘునాథ్. ఆమె భర్త. "నా ముందరే డాక్టరమ్మకు చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది."

పెళ్ళయి ఏడాది దాటింది. ఇంకా ఏ విశేషమూ లేదని మధ్యాహ్నం ఇద్దరూ తిరుపతిలో లేడీ డాక్టరు దగ్గరికి పోయి వచ్చారు. ఇంతకుముందు మాత్రలేమైనా వాడావా అని డాక్టరమ్మ అడిగింది. డిగ్రీలో ఉండగా నెలసరి సరిగ్గా వచ్చేది కాదనీ, దానికోసం ఆ మాత్రలు కొన్నాళ్ళు వాడాననీ నవీన చెప్పింది. ఆ మాట వినగానే రఘునాథ్ లేచి బయటికి వచ్చేశాడు. తర్వాత లోపల డాక్టరమ్మ ఏం చెప్పిందో అతను అడగలేదు. నవీన చెప్పబోతే బండి స్టార్ట్ చేశాడు.

"నెల సరిగ్గా రాకపోతే ఎవరన్నా ఆ మాత్రలు మింగుతారా?" అంది పంకజాక్షి. రఘునాథ్ అక్క. గూడూరు నుంచి వచ్చి రెండు రోజులైంది. "మేమూ వయసుకొచ్చినోళ్ళమే. ఆ మాత్రలతో మాకేం పని పడలేదే."

"ఆ వేడికి గర్భసంచి ఎండిపోతాది," అంది అత్త చంద్రకాంతమ్మ. "మా చిన్నత్త కోడలికి అట్లనే అయింది. ఇంగ ఎన్ని మొక్కులు మొక్కితే ఏమి?"

నవీన కుందిని కడిగి, తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"ఆపేసినాక వాటి పని ఒంట్లో ఉండదంట అత్తా. కొన్నాళ్ళకే అంతా మామూలైపోతాదంట. సంచి ఎండిపోవడమనేది ఉత్త మాటంట. డాక్టరమ్మ చెప్పింది."

"డాక్టరమ్మకేమి, ఎన్నైనా చెప్తాది. నా బిడ్డలిద్దరూ ఏ డాక్టరమ్మ చెప్పిందని పుట్టినారు?" అంది పంకజాక్షి.

నవీన వినాయకుడి పటం ముందు కుందిని పెట్టింది. కాణిపాకం స్వామికి మొక్కిన దీపం అది. సంతానం కోసం మండలం పాటు, నలభై రోజులూ, ఒక్క సాయంత్రం కూడా తప్పకుండా కోడలే వెలిగించాలి. మధ్యలో తప్పితే మళ్ళీ మొదటి నుంచి. మొదటి మండలం తప్పలేదు. ఫలితం కనపడలేదని చంద్రకాంతమ్మ రెండోది పట్టించింది. అదీ తప్పలేదు. మూడోదీ తప్పలేదు. ఇప్పుడు నాలుగోది నడుస్తోంది.

"మా అమ్మను చూడు మే," పంకజాక్షి వదిలిపెట్టలేదు. "పొద్దున లేస్తే పాలు, ఖర్జూరం, మాత్ర నీ చేతికిచ్చి, మింగిందాకా కదలదు. కడుపున పుట్టినదాన్ని, నాకే అంత చేయలేదు. అట్లాంటి మనిషినా నువ్వు మోసం చేసింది?"

నవీన వత్తి వేసి నూనె పోసింది. నూనె కొంచెం ఒలికింది. కొంగుతో తుడిచింది.

రఘునాథ్ ఆమె వైపు చూడకుండానే అన్నాడు. "మీ నాయనకు ఫోన్ చేసినాను. రేపు వచ్చి పిల్చుకోని పోతాడు."

"ఏమని చెప్పినావు?"

"ఉండేదే చెప్పినాను. మీ కూతురు కనపడిన మందులన్నీ మింగి గొడ్రాలై మా నెత్తిన పడిందని."

నవీన చేతిలోని అగ్గిపెట్టె కింద పెట్టింది. నాయన ఆ మాట ఫోన్లో విని ఉంటాడు. విని, సరే అల్లుడూ అని ఉంటాడు. ఆయనకు ఎదురు మాట రాదు.

చంద్రకాంతమ్మ లేచి వచ్చి పటం పక్కన నిలబడింది.

"పోయేముందు ఒకటి చెప్పి పో. కాలేజీ సంగతి పక్కన పెడతాం. ఈ ఇంట్లో కాలు పెట్టినాక బిడ్డలు రాకుండా మాత్రలు మింగినావా లేదా? స్వామి ముందర నిలబడి ఉండావు. అబద్ధం చెప్తే కళ్ళు పోతాయి."

నవీన అత్త ముఖంలోకి సూటిగా చూసింది. కాపురానికి వచ్చాక అలా చూడటం ఇదే మొదటిసారి.

"మింగినాను అత్తా."

చంద్రకాంతమ్మ ఒక అడుగు ముందుకేసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చాన్నాళ్ళ నుంచి. ఈ పొద్దు కూడా మింగినాను."

"విన్నావా రఘూ," పంకజాక్షి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఈ మహాతల్లి చేత మనం బిడ్డల కోసం దీపం పెట్టిస్తా ఉండాము."

రఘునాథ్ కుర్చీని తన్ని లేచాడు. "యాడ దాచి పెట్టినావు? తీసుకురా. నా కళ్ళతో నేను చూడాల."

"నేనేం దాచలేదు."

నవీన ఎక్కడికీ పోలేదు. నిలబడిన చోటి నుంచే చేయి చాచి, దేవుడి గూట్లో కుంకుమ భరిణె వెనక ఉన్న మాత్రల అట్టను తీసింది. సగం ఖాళీ అయిన అట్ట. దాన్ని వెలిగించని దీపం పక్కన పెట్టింది.

చంద్రకాంతమ్మ దాన్ని చూసి నోరు తెరిచింది.

కోడలు బయట చేరితే మండలం మధ్యలో దీపం ఆగిపోతుందని, నెలసరి రాకుండా ఆపడానికి చంద్రకాంతమ్మే కొడుకు చేత తెప్పించి రోజూ పొద్దున పాలతో మింగిస్తున్న మాత్రలను, ఇలా ఆపకుండా మింగుతుంటే గర్భం ఎట్లా నిలుస్తుందని డాక్టరమ్మ తల పట్టుకున్న ఆ మాత్రలను ముగ్గురి ముందూ వదిలేసి, నవీన చెప్పులేసుకుని గడప దాటింది.