ఈస్టుకు వచ్చిన జబ్బు

"ఆ సీసా లోపల పెట్టండమ్మా! ఇది ఆస్పత్రి, మీ లాబొరేటరీ కాదు." డాక్టర్ ఆదినారాయణ గొంతు పెంచాడు.

మసూదా సీసా దించలేదు. మంచం మీద ఆమె చెల్లెలు అమీనా బిడ్డ ఎగశ్వాసతో కొట్టుకుంటోంది. ఒళ్లంతా ఎర్రటి పొక్కులు. తలమీద వెంట్రుకలు రాలిపోయాయి. పుంగనూరు నుంచి మదనపల్లెకు తెచ్చినప్పటినుంచీ మూర్ఛలు ఆగలేదు. ఆదినారాయణకు తెలిసిన మందులన్నీ అయిపోయాయి. వేలూరు దాకా తీసుకుపోయే వ్యవధి లేదు.

"ఇది వట్టి విటమినే సార్, బయోటిన్. బెంగుళూరులో నేను ఈస్టు మీద పనిచేస్తాండాను. విటమిన్ని ప్రొటీన్లకు అతికించే ఎంజైమ్ ఒకటి ఉండాది. ఈస్టులో దాని జీన్ యేదో మొన్ననే కనుక్కున్నాం. అది చెడితే, విటమిన్ ఎదురుగా ఉన్నా ఒంటికి పట్టదు. బిడ్డకూ అదే జబ్బేమో అనిపిస్తాండాది."

"రొట్టె పొంగించే ఈస్టూ, ఈ పసిగుడ్డూ ఒకటేనా?"

"ఈ ఒక్క పనిలో ఒకటే సార్."

"జబ్బు చేసిన ఈస్టుకు ఇదే ఇచ్చారా?"

"ఇచ్చినాను సార్. మామూలుగా కావాల్సినదానికన్నా శానా ఎక్కువ."

అమీనా ఆయన చేతులు పట్టుకుంది. "ముందు బిడ్డ కూడా ఇట్లే పోయినాడు సార్. మా ఆపా చెప్పినట్లు ఇయ్యండి."

ఆదినారాయణ సీసా అందుకున్నాడు. పొడిని నీళ్లలో కలిపి, బిడ్డ ముక్కులో వేసిన గొట్టం గుండా తన చేత్తోనే పోశాడు.

మర్నాటికి మూర్ఛలు తగ్గాయి. తర్వాత ఊపిరి కుదుటపడింది. పొక్కులు మానడం మొదలైంది. ఒక పొద్దున ఆయన వార్డులోకి వచ్చేసరికి బిడ్డ తల్లి రొమ్ము కరుచుకుని గుటకలు వేస్తోంది. ఆ చప్పుడు వింటూ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

కంటికి ఆనని ఈస్టు కణంలోనూ, ఈ బిడ్డ ఒంట్లోనూ ఒకే పనిముట్టు! ఏ కాలంలో, ఏ చేతులు చేసి ఇద్దరికీ పంచాయో! ఎవరికి దండం పెట్టాలో తెలియక ఆయన మంచం దగ్గరకు వచ్చి బిడ్డ పాదం ముట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. కళ్లు చెమర్చాయి.

"అమ్మా, మీ ఈస్టు కూడా ఇంత తొందరగానే తేరుకుందా?"

మసూదా తల అడ్డంగా ఊపింది.

"లేదు సార్. బిడ్డలో ఆ ఎంజైమ్ కొంచెమన్నా మిగిలుంటాదని ఆశపడినా, ఈస్టులో ఆ జీన్ పూర్తిగా తీసేసినాం. అందులో ఒక్కటీ బతకలేదు."