తప్పిపోకండి

"‘మీరు’ వద్దత్తయ్యా! కొడుక్కి రాస్తున్నావా, బిషప్పుకా?" అంది మెర్లిస్, అత్తగారి ఫోన్ చేతిలో పట్టుకుని.

"మీ సముద్రం ఒడ్డున ఎలాగైనా అనుకోండి. మా కొండల ఊరు తున్‌హాలో ఇంతే. చెప్పింది చెప్పినట్టు కొట్టండి," అంది లుదివీనా.

పొద్దున్నుంచీ ఇదే గొడవ. పాలల్లో ఉడికిన గుడ్డు గిన్నెలోనే చల్లారిపోయింది. లుదివీనా ముట్టుకోలేదు. చదవడం వచ్చుగానీ, ఆ చిన్న అక్షరాలు కొట్టడం ఆమెకి చేతకాదు. అందుకు పెద్దకోడలే దిక్కు.

కోడలిది సముద్రం ఒడ్డునున్న బరాంకియా. కాపురానికొచ్చిన రోజే మామగారి భుజం తట్టి ‘నువ్వు’ అంది. ఈ ఇంట్లో మొగుడూ పెళ్ళాలు కూడా ‘మీరు’ అనుకుంటారు. కుక్క వంటింట్లోకొస్తే "తమరు బయటికి నడవండి" అంటారు.

చిన్నకొడుకు ఎల్వెర్ పచ్చల గనికి వెళ్ళాడు. వానలు మొదలయ్యాక గొంతు వినబడలేదు. కొండల్లో ఫోన్ అందదట. కొత్త నంబరు నుంచి ఆదివారం ఆదివారం ఒక మెసేజీ మాత్రం వచ్చేది. పోయిన వారం వచ్చిన మెసేజీతో అదీ ఆగిపోయేలా ఉంది.

"అమ్మా, ఇంకా లోపలి కొండకి మారుతున్నాం. ఇక రాయడం కుదరదు. నువ్వు బెంగపెట్టుకోకు. వేళకి తిను."

అది చదివినప్పట్నుంచీ లుదివీనా గొంతులో ముద్ద దిగలేదు. ఆ రెండు ముక్కలు కూడా లేకపోతే ఆదివారం దాకా బతకడం ఎందుకో ఆమెకి తెలియడం లేదు.

"వాడే కుదరదన్నాక ఎందుకమ్మా బతిమాలడం?" అన్నాడు పెద్దకొడుకు ఎద్గార్. "ముందు మీరు తినండి."

లుదివీనా వినిపించుకోలేదు. చెప్పుకుపోయింది.

"మీకు ఇబ్బంది కాదనుకుంటే, అప్పుడప్పుడు ఒక్క ముక్క రాస్తూ ఉంటే ఎంతో సంతోషిస్తాను. పెద్దగా ఏమీ అక్కర్లేదు. బాగున్నానంటే చాలు."

"మేయర్ గారికి అర్జీలా ఉంది," అన్నాడు భర్త గ్రాతినియానో. ఎవరూ నవ్వలేదు.

"దయచేసి..." లుదివీనా ఫోన్ మీదికి వంగింది. "దయచేసి నాకు తప్పిపోకండి."

వాళ్ళ భాషలో ‘నో సె మె పియర్దా’. ఆ ఊళ్ళో గుమ్మం దాటే ప్రతి చుట్టానికీ చెప్పే మాటే అది. మెర్లిస్ బొటనవేలు మాత్రం ఆ మాట దగ్గర ఆగిపోయింది.

"పంపొద్దత్తయ్యా," అంది, తల ఎత్తకుండా. "జవాబు రాకపోతే నువ్వు తట్టుకోలేవు."

"వస్తే బతుకుతాను. పంపండి."

మెర్లిస్ కళ్ళు తుడుచుకుని పంపింది. గ్రాతినియానో రొట్టె తుంపుతూ కూర్చున్నాడు. ఎద్గార్ కిటికీలోంచి బయటికి చూశాడు.

లుదివీనా చల్లారిన గిన్నె దగ్గరికి లాక్కుంది. ముగ్గురి మొహాలూ ఒకసారి చూసి, నెమ్మదిగా అంది.

"నేనొకటి నిర్ణయించుకున్నాను. ఇకమీదట ఈ ఇంట్లో నేను ఎవరినీ ఏమీ అడగను, మీరూ నాకేమీ చెప్పొద్దు; కాకపోతే మెర్లిస్, ఈసారి జవాబు రాసేటప్పుడు ‘మీరు’ అని రాయండి, మా ఎల్వెర్ నన్ను ఎన్నడూ ‘నువ్వు’ అనలేదు."