అరవైలో ఒకటి

నేను డిజైను చేసిన చిన్న మోటారును కెమెరాలోంచి తీసేస్తే ఖర్చు తగ్గుతుందని మా మేనేజరు కనిపెట్టాడు. అది లేకపోతే పాత లెన్సులకు ఫోకస్ దానంతటది కుదరదని చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. మూత తీయకుండానే కెమెరా కంటికి ఆనించుకునే మనిషి.

“పాత లెన్సులు ఇంకా ఎవరు వాడతారు గురువుగారూ? కొత్తవి కొనుక్కుంటారు,” అన్నాడు.

మోటారు తీసేసిన నమూనా కెమెరాతో పొద్దున తీసిన రెండు ఫోటోలు బల్లమీద పెట్టాను. రెండింటిలోనూ మా క్యాంటీను ఆవిడే.

“కొత్త లెన్సుతో తీసింది ఏదో చెప్పండి.”

ఎడమవైపు దాన్ని తట్టాడు. “ఇదే. వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. పాతదానికి అంత సీనెక్కడిది?”

“అది ముప్పై ఏళ్ళ నాటి లెన్సు.”

అతని మొహం మాడిపోయింది. నేను తాపీగా వెనక్కి వాలాను.

కాసేపు ఫోటో చూసి అడిగాడు. “మరి మోటారు లేకుండా ఫోకస్ ఎలా కుదిరింది?”

“లెన్సు రింగు చేత్తో తిప్పాను. నాకదో పనా?”

“అయితే మోటారు అక్కర్లేదని మీరే తేల్చేశారు,” అంటూ మోటారు తీసేయడానికి నా ఒప్పుదల కాగితం ముందుకు జరిపాడు.

ఆ ఒక్క ఫోటో కోసం ఆవిడను గంటసేపు నిలబెట్టి అరవై తీశానని, మిగతా యాభై తొమ్మిదీ మసకేనని చెబితే మోటారు బతికేది. నా చేతులు వణుకుతున్నాయని అలాంటివాడి ముందు ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

సంతకం పెట్టాను. అదీ వంకరగానే వచ్చింది.