మా రక్తానికి టీకా పడదు

నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒళ్ళో ఏడాది మనవడు.

"వీడికి సూది తగిలిందా, నీకూ నాకూ చెడుతుంది," అంది.

టీకాలమ్మాయి భుజం మీది పెట్టె దించి మెట్టు మీదే చతికిలబడింది. ఇలాంటి గుమ్మాలు ఆమెకి కొత్త కాదు.

"పెద్దమ్మా, పక్క సందులో గడియారాలు బాగుచేసే ఆయన కూతురికి మశూచి వచ్చింది, తెలుసా? పిల్ల మొహం గుర్తుపట్టేలా లేదు. ఆ సందులోంచి ఈ సందులోకి రావడానికి ఆ రోగానికేం బస్సు చార్జీ అక్కర్లేదు."

వెనక నుంచి కోడలు నెమ్మదిగా అందుకుంది. "అత్తయ్యా, నాకూ చిన్నప్పుడు వేశారు. ఇదిగో మచ్చ. బతికే ఉన్నాగా."

"నీ సంగతి వేరు. నీ నోటికి జడిసి ఏ రోగమూ రాదు." నాయనమ్మ ఇటు తిరిగింది. "మా చెల్లెలికి టీకా వేశారమ్మాయ్. చెయ్యి దిండులా వాచింది. మంచం ఎక్కింది, మళ్ళీ దిగలేదు. దానికేమంటావు?"

టీకాలమ్మాయి చూపు తిప్పుకోలేదు.

"జరిగుండొచ్చు పెద్దమ్మా. జ్వరం వస్తుంది. చెయ్యి వాస్తుంది. లక్షల్లో ఏ ఒక్కరికో ప్రాణం మీదకీ వస్తుంది. రానే రాదని మీకు ఒట్టు వెయ్యను. కానీ మశూచి అలా లక్షమందిని చూసి ఒక్కర్ని ఏరుకోదు. పట్టుకున్న ముగ్గురిలో ఒకర్ని తీసుకుపోతుంది. బాబుకి ఒంటి మీద తామర, గజ్జి లాంటివి ఉన్నాయా? ఉంటే చెప్పండి, ముందు డాక్టరుగారికి చూపిద్దాం."

"ఏం లేవు. బంగారంలా ఉన్నాడు."

నాయనమ్మ కుర్చీ పక్కకి జరిపింది.

"సరే, కానియ్."

కోడలు నోరు తెరిచింది, మూయడం మర్చిపోయింది.

టీకాలమ్మాయి మందులో ముంచిన సూదితో బాబు జబ్బ మీద గబగబా పొడిచింది. వాడు ఇంటి కప్పు లేచిపోయేలా ఏడ్చాడు.

"ఆరేదాకా ఎవరూ ముట్టుకోవద్దు. వారానికి వస్తా. పొక్కు లేస్తే మందు పట్టినట్టు. లేవకపోతే మళ్ళీ వెయ్యాలి."

"ముందు వీడి ఏడుపు మాన్పనీ," అంటూ నాయనమ్మ మనవణ్ణి ఎత్తుకుని పెరట్లోకి నడిచింది.

వారానికి వచ్చి చూస్తే బాబు జబ్బ కడిగిన పళ్ళెంలా ఉంది.

"ఇదేంటి, సందు మొత్తానికి ఇదే సీసా. అందరికీ లేచింది," టీకాలమ్మాయి వాడి చెయ్యి వెలుతురులోకి తిప్పి తిప్పి చూసింది.

"నే చెప్తే విన్నావా? మా అబ్బాయికి చిన్నప్పుడు ఒకసారి వేశారు, పొక్కు లేవలేదు. మళ్ళీ వేశారు, పడలేదు. మా రక్తానికి టీకా పడదు. ఇక పెట్టె సర్దుకో."

"మళ్ళీ వేస్తా."

"వెయ్యనివ్వను."

"అయితే రేపొస్తా. ఎల్లుండీ వస్తా. మీరు తలుపేసుకుంటే కిటికీ కింద కూర్చుంటా."

"కూర్చో. కాళ్ళు నీవే లాగుతాయి."

అప్పుడు కోడలు ముందుకొచ్చింది. "అత్తయ్యా, గడియారాలాయన కూతురు పొద్దున పోయింది. మీకు చెప్పలేదు. ఇక మీరు తిట్టండి, కొట్టండి, నా కొడుక్కి టీకా వేయించందే ఇక్కణ్ణుంచి కదలను."

నాయనమ్మ మనవణ్ణి ఇంకా గట్టిగా హత్తుకుంది. అయినా పట్టు వదల్లేదు.

"సరే, ఒక మాట. మా రక్తంలో ఒక్కళ్ళకి, ఒక్కరంటే ఒక్కళ్ళకి ఈ మందు పట్టినట్టు చూపించు. నేనే వీణ్ణి ఒళ్ళో పెట్టుకుని పట్టుకుంటా."

ఆ మాటంటూ ఎత్తిన చేతికి, బొటనవేలు చుట్టూ గుడ్డ ఉంది.

"వేలికేమైంది పెద్దమ్మా?"

"ఏముంది, నువ్వొచ్చిన రోజు పొద్దున కూర తరుగుతుంటే కత్తికి తెగింది. మానాల్సింది పోయి చీము పట్టింది. ఒకటే సలుపు. నీ పెట్టెలో మలాం ఉంటే కాస్త పుయ్యి."

టీకాలమ్మాయి గుడ్డ విప్పింది. బటాణీ గింజంత పొక్కు. మధ్యలో చిన్న గుంట, చుట్టూ ఎర్రటి వలయం. పొద్దుట్నుంచీ ఆ సందులో ప్రతి జబ్బ మీదా చూసి వస్తున్నది అదే.

ఆమె వేలు చూసింది. బాబు నున్నటి జబ్బ చూసింది. తర్వాత సూది తీసింది.

"మీ రక్తానికి మందు భేషుగ్గా పట్టింది పెద్దమ్మా, ఆ రోజు బాబు జబ్బ తుడిచేసిన ఈ వేలికి. దీనికి మళ్ళీ గుడ్డ గట్టిగా కట్టుకుని, రెండో చేత్తో బాబుని పట్టుకోండి."