తేనెబిళ్ళలో తేనె

"ఇందులో తేనె ఎక్కడుందమ్మా?"

మిఠాయి పొట్లం కడుతున్న కోడలి చెయ్యి ఆగిపోయింది. తలెత్తకుండానే తెలిసింది, ఎదురు కొట్లో గడియారాలు బాగుచేసే ఆయన. కంటికి పెట్టుకునే భూతద్దం నుదుటి మీదికి నెట్టి, తేనెబిళ్ళను సగానికి విరిచి లోపలికి తొంగి చూస్తున్నాడు.

"లేదండీ. పిండి, వెన్న, పంచదార పాకం. అంతే. నిన్నా అదే చెప్పాను."

"మరి ఆ పేరేమిటి? జనాన్ని మోసం చెయ్యడం కాదూ?"

కోడలు నోరు తెరిచేలోపే వెనక గది తలుపు తెరుచుకుంది. ఎంత కునుకులో ఉన్నా సరే, ఈ గొంతు వినబడితే చాలు, అత్తగారు లేచి వచ్చేస్తుంది.

"కళ్ళున్నాయిగా, రంగు చూడండి! తేనె రంగు. అందుకే ఆ పేరు."

"మొన్న, మొదట చేసినావిడ మాట తేనెలా ఉండేదన్నారు?"

"అదీ నిజమే."

"అంతకుముందు, బోర్డు రాయించాక తేనె అయిపోయిందన్నారు!"

"అవును, అయిపోయింది. మధ్యలో మీకేం నష్టం?"

ఇక ఇద్దరూ తగులుకున్నారు. కొనడానికొచ్చిన ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకుని మెల్లగా జారుకున్నారు. కోడలికి ఒళ్ళు మండిపోయింది. మామగారు పోయాక కొట్టు భారమంతా తన నెత్తిన పడింది. పొద్దున్నే లేచి పొయ్యి దగ్గర ఉడికేది తను, వచ్చిన బేరాన్ని తరిమేది వీళ్ళు. మొగుడితో మొరపెట్టుకుంటే, "అమ్మ సంగతి తెలిసిందేగా" అని దులిపేసుకుంటాడు.

"బాబాయిగారూ, మీకు దండం పెడతాను. వేరే మిఠాయేదైనా తీసుకోండి."

"వద్దమ్మా. ఇదే కట్టు."

ఆ సాయంత్రమే బోర్డులు రాసేవాణ్ణి పిలిపించింది. 'వెన్నబిళ్ళ' అని రాయమంది. వెన్న ఎలాగూ ఉంది, ఎవరూ వేలెత్తి చూపలేరు. అతను నిచ్చెనెక్కి పాత అక్షరాల మీద బ్రష్షు పెట్టబోతుంటే, అత్తగారు ఆయాసపడుతూ వచ్చి నిచ్చెన పట్టుకుంది.

"దిగు నాయనా, దిగు!"

"ఏంటత్తయ్యా ఇది!" కోడలికి ఏడుపొక్కటే తక్కువ. "ఆయనతో వేగలేక చస్తున్నాను. మీరేమో రోజుకో కథ చెప్తారు. ఒక్కటైనా నిజమా?"

"ఒక్కటీ కాదే. మా అత్తగారు అలా పిలిచేది, నేనూ పిలిచాను. ఎందుకో ఎవరికి తెలుసు?"

"మరింకేం, మార్చేద్దాం! అప్పుడిక ఆయనకి అడగడానికేం ఉండదు. మళ్ళీ మన గుమ్మం తొక్కడు."

అత్తగారు నిచ్చెన వదల్లేదు. తలుపులు వేస్తున్న గడియారాల కొట్టు వైపు చూస్తూ, కోడలికి మాత్రమే వినబడేలా అంది.

"అదేనే నా భయం."