కస్తూరమ్మ వేగం

కస్తూరమ్మ ఈరోజు ఇంకా వేగం పెంచింది.

గురుప్రసాద్ రొప్పుతూ కరెంటు స్తంభం పక్కన ఆగాడు. ఫోన్ తీశాడు.

"మేడమ్, అరవై దాటిన మనిషి. నాకే అందడం లేదు!"

ఆదోనిలోని ఒక పరిశోధన సంస్థలో అతనిది కాంట్రాక్టు ఉద్యోగం. జనం నడక వాళ్ల ఆరోగ్యాన్ని ఎలా మారుస్తుందో తేల్చాలి. ఎమ్మిగనూరులో మగ్గాల వీధి అతని వంతు.

మూడు వారాల కిందట కస్తూరమ్మ మోకాళ్లు పట్టుకుంటూ, నూలు కండెలు చుట్టే పనికి కాళ్లీడ్చుకుంటూ వెళ్లేది. ఇప్పుడు గాలిలా పోతోంది. మొన్న వైద్య శిబిరంలో చూస్తే షుగర్ కూడా దిగింది.

"కారణం పట్టుకో," అంది హేమలత మేడమ్. "దొరికితే జిల్లా అంతా అమలు చేద్దాం. నీ ఉద్యోగం పర్మనెంట్. దొరక్కపోతే ఈ నెలతో సరి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. గమనిస్తున్నట్టు ఆమెకు తెలియకూడదు. తెలిస్తే నడక మారిపోతుంది."

"మొదటి రోజు నుంచీ జాగ్రత్తగానే ఉన్నాను మేడమ్."

టీకొట్టు లక్ష్మప్పను కదిపి చూశాడు.

"కొర్రన్నం తింటాందేమో అన్నా," అన్నాడు లక్ష్మప్ప. మళ్లీ తనే తల అడ్డంగా ఊపాడు. "మా ఇంటామె గూడ అదే తింటాది. సందు దాటల్లంటే ఆటో అడుగుతాది."

కారణాల జాబితాలోంచి కొర్రలు కొట్టేశాడు.

మరుసటి వారం కొత్త విశేషాలు. కస్తూరమ్మ రోజుకో సందు మారుస్తోంది. విసుగు పుట్టకుండా కాబోలు! చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటోంది. ఉత్త కాళ్ల నడక! పక్కింటి శాంతమ్మ, ఎదురింటి హుసేనమ్మ కూడా కలిశారు. ముగ్గురూ ఒకటే దౌడు.

"ఒకరిని చూసి ఒకరు! వీధి వీధంతా అంటుకునేట్టుంది మేడమ్!"

మేడమ్ ఇక ఆగలేకపోయింది. మర్నాడు పొద్దున్నే జీపులో దిగింది.

"దాక్కున్నది చాలు. నేరుగా అడిగెయ్. ఆ రహస్యం ఆమె నోటితోనే వినాలి."

గురుప్రసాద్ అడ్డసందులోంచి పరుగెత్తి ముగ్గురి ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతులు జోడించాడు. వెనకే మేడమ్ రికార్డర్ ఆన్ చేసింది.

"అమ్మా, నా బతుకు మీ మాట మీద ఉంది. నెల రోజుల్లో మీకు ఇంత వేగం ఎట్లొచ్చింది?"

కస్తూరమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"తెల్లారితే సాలు, నెల దినాలుగా నువ్వు నా ఎనకాల్నే పడి వస్తాంటే, నిదానంగ నడ్సేకి నాకేమన్నా పిచ్చేంరా?"