ఇరవై మూడో మనిషి

"చెయ్యనంటే చెయ్యను. నీ బోర్డు పండక్కి నువ్వే యాపిల్ పై వండుకో!" ఆర్లీన్ పిండి గిన్నెను పక్కకి నెట్టేసింది.

పొద్దుట్నించీ ఇంట్లో అదే గొడవ. రాష్ట్రంలోని జిల్లాలన్నిట్లో క్యాన్సర్ అతి తక్కువగా ఉన్నది తమ కౌంటీలోనేనని కాగితం వచ్చింది. కౌంటీ పెద్దగా ఆమె భర్త వెండెల్ ఆ మాటనే నిలువెత్తు అక్షరాల్లో రాయించి, రేపు హైవే పక్కన పాతించబోతున్నాడు.

"మంచిమాట నలుగురికీ చెబితే తప్పేంటి?" అన్నాడతను. "సిటీ వాళ్ల కౌంటీ చూడు, మనకి ఏడింతలు! మన బోర్డు చూసి నాలుగు కుటుంబాలొస్తే బడైనా మూతపడకుండా ఉంటుంది."

"మూడేళ్లలో మొత్తం నలుగురేనట! నలుగురికైతే ఒక్క ఏప్రిల్‌లోనే వండి పట్టుకెళ్లాను నేను."

"బోర్డు సంగతి తర్వాత చూద్దురు గానీ, ముందు ఇది వినండి," అంది కూతురు కొరిన్. రాష్ట్రంలో క్యాన్సర్ కేసులు లెక్కగట్టే ఆఫీసులోనే ఆమె ఉద్యోగం. సెలవు పెట్టి పుట్టింటికొచ్చింది. "ఆ అంకె చూసే మన దగ్గరికొచ్చే క్యాన్సర్ పరీక్షల వ్యాను ఆపేస్తున్నారు. జబ్బే లేని చోటికి వ్యానెందుకంటున్నారు. కాదని చెప్పాలంటే ఇవాళ ఐదింటిలోపే చెప్పాలి."

ఆర్లీన్ పిండి చేతులతోనే దగ్గరికొచ్చింది. ఆ వ్యాను రాకపోతే పరీక్షకి తొంభై మైళ్లు పోవాలి. పంటల రోజుల్లో ఎవరు పోతారు?

"అయితే ఈ మూడేళ్లలో జబ్బుపడ్డవాళ్ల పేర్లు చెప్తా, రాసుకో!" అని చేతులు తుడుచుకుని కూర్చుంది.

ఇక పేర్లు మొదలయ్యాయి. ఆర్లీన్‌కి జబ్బుల పేర్లు గుర్తుండవు, ఏ ఇంటికి ఏం పట్టుకెళ్లిందో గుర్తుంటుంది. "మాబెల్‌కి కోడి, నూడుల్సు. హాన్సెన్ అన్నదమ్ములిద్దరికీ బంగాళాదుంపలు. చర్చిలో పియానో వాయించే ఆవిడకి ఉప్పు లేకుండా సూపు..." ఇరవై రెండు దగ్గర ఆగింది.

"నలుగురెక్కడ, ఇరవై రెండెక్కడ!" కొరిన్ పెన్సిల్ కొరుకుతూ ఉండిపోయింది. "మిగతావాళ్లంతా ఏమైపోయారు?"

అంతలో కొడుకు లైల్ బురద బూట్లు గుమ్మంలో విదిలించి, ఉత్తరాల కట్ట బల్ల మీద పడేశాడు. "కరెంటు బిల్లు కోసం పదకొండు మైళ్లు వెళ్లొచ్చాను. మన పోస్టాఫీసు మూసినవాడు బాగుపడడు."

కొరిన్ ఒక కవరు తీసి అడ్రసు చూసింది. మళ్లీ చూసింది. కుర్చీ వెనక్కి పడేలా లేచింది.

"లైల్! ఆస్పత్రిలో అడ్రసు అడిగితే ఏం చెప్తావ్?"

"పోస్టాఫీసులో మన పెట్టె నంబరు. ఇంటికి ఎవడు తెచ్చిస్తాడే ఉత్తరాలు?"

"అదీ! మన పెట్టెలన్నీ ఎటు మార్చారు? సరిహద్దు అవతలికి, సిటీ కౌంటీలోకి! ఆస్పత్రిలో ఇచ్చిన అడ్రసు బట్టే మా ఆఫీసులో లెక్క, అందుకే మనవాళ్లంతా పోయి వాళ్ల లెక్కలో పడ్డారు. ఇళ్లకే ఉత్తరాలొచ్చే ఆ హైవే వైపు నలుగురే మనకి మిగిలారు!"

ఆర్లీన్ చప్పట్లు కొట్టింది. లైల్ బల్ల గుద్దాడు. కొరిన్ అప్పటికే ఆఫీసుకి ఫోన్ చేస్తోంది. "ఆ పోస్టాఫీసులో మనవాళ్ల పెట్టె నంబర్లన్నీ తొమ్మిదితో మొదలవుతాయి. పేర్లొద్దు, ఎంతమందో చెప్పు చాలు."

పావుగంట గడిచింది. కాఫీ ఎవరూ ముట్టలేదు. వెండెల్ ఒక్కడే కిటికీ దగ్గర నిలబడి మొక్కజొన్న చేను చూస్తున్నాడు.

ఫోన్ మోగింది. కొరిన్ వింది, రాసుకుంది, గట్టిగా కేకేసింది. "ఆ నలుగురితో కలిపి ఇరవై మూడు! మనవాళ్లని అటునించి తీసేసి జనం లెక్కన చూస్తే సిటీ కన్నా మనమే కొంచెం ఎక్కువ! వ్యాను ఎలా ఆపుతారో చూస్తాను!"

"చూశావా వెండెల్! మీ కంప్యూటర్ల కన్నా నా గిన్నెలే నయం," అని ఆర్లీన్ మురిసిపోయింది. అంతలోనే ఆగింది. "ఇరవై మూడా? నేను చెప్పింది ఇరవై రెండు కదా."

"ఒకటి అటూ ఇటూ ఉంటుందిలే," అన్నాడు వెండెల్.

"ఎందుకుంటుంది? ఎవరే కొరిన్ ఆ ఇంకొకరు?"

"పేర్లు నాకూ తెలియవమ్మా. అడక్కూడదు."

"డ్రైవర్ ఓటిస్ కాదు కదా?" అన్నాడు లైల్.

"వాడికి కిడ్నీలో రాయి. దానికీ యాపిల్ పై పట్టుకెళ్లాను."

"ఆ వంతెన దగ్గరి ముసలాయన?"

"ఆయన్ని ఎద్దు తన్నింది రా!" ముగ్గురూ నవ్వేశారు. కొరిన్ నవ్వుతూనే వ్యాను ఆపొద్దని ఈమెయిల్ రాసి, నాలుగూ నలభైకి పంపేసింది. అందిందని జవాబు రాగానే లైల్ తల్లిని ఎత్తి గిరగిరా తిప్పాడు.

కిందికి దిగాక కూడా ఆర్లీన్‌కి మనసాగలేదు. "మన మధ్యే ఒకరు ఎవరికీ చెప్పుకోకుండా జబ్బుతో ఉన్నారా? నేను ఒక్క పూటైనా అన్నం పట్టుకెళ్లలేదా? ఉండండి, కౌంటీలో ఇంటింటికీ చేస్తాను," అని ఫోనందుకుంది.

వెండెల్ కిటికీ దగ్గర్నించి వచ్చి, ఆమె చేతిలోంచి ఫోన్ మెల్లగా తీసుకున్నాడు.

"ఎవరికీ చెయ్యొద్దు ఆర్లీన్," అన్నాడు. "నవంబరు నించీ నీకు చెప్పడం వాయిదా వేస్తూ వచ్చాను. సోమవారం ఆపరేషన్‌కి వెళ్తున్నాను. నువ్వూ నాతో రా."